రేగాకు నీళ్ళు

నీళ్ళు ఇంకా కాగలేదు. మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టి అందులో రేగాకు దూసి వేశాను. ఆకు పచ్చదనం పోయి ముదురు రంగు తిరగాలి, అప్పుడు దించాలి. ఇంతవరకు గుర్తుంది. దించాక ఏం చెయ్యాలో కూడా గుర్తుందనే అనుకుంటున్నాను, కానీ అనుకోవడానికీ ఉండడానికీ మధ్య ఎంత దూరముందో ఈ రెండేళ్ళలో బాగా తెలిసొచ్చింది. పెసరపప్పు తెద్దామని బజారుకి పోయి, కొట్టు ముందు నిలబడి, కొట్టువాడు ‘ఏం కావాల పిన్నీ’ అంటే వాడి మొహం చూసి, ఎండ చూసి, ఖాళీ సంచితో తిరిగొచ్చినదాన్ని నేను. గదిలో కాశింబీ పడుకుని ఉంది, గడ్డం కింద నుంచి నెత్తి మీదకి గుడ్డ కట్టి, పైన దుప్పటి కప్పారు. తెల్లారి నమాజు వేళ పోయింది. మా మాచర్లలో, మా వాళ్ళలో ఆడమనిషి ఎవరు పోయినా ఆఖరి స్నానం మేమిద్దరమే చేయించేవాళ్ళం. గుసుల్ అంటారు దాన్ని. నేను కడిగేదాన్ని, కాశింబీ నీళ్ళు పోసేది. పెళ్ళిళ్ళకి మమ్మల్ని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, మొహం చూస్తే అదే గుర్తొస్తుందని, చావులకి మాత్రం మేం రాకపోతే పని జరిగేది కాదు. ఇవాళ నీళ్ళు పోసే మనిషి బల్ల మీదకి రాబోతోంది, కడిగే మనిషి మతి పోయి పొయ్యి ముందు కూచుంది. బాగుంది మా వరస.

వరండాలో స్తంభానికి ఆనుకుని గురజాల నుంచి వచ్చిన అమ్మాయి కూచుని ఉంది, అక్కడ గుసుల్ చేయించేది తనేనంట. మహా అయితే ముప్పై ఏళ్ళుంటాయి. ఒళ్ళో సంచి, సంచిలోంచి రబ్బరు తొడుగులు కనిపిస్తున్నాయి. సుభానీ పిలిపించాడు, కాశింబీ ఒక్కగానొక్క కొడుకు. పొద్దున నా ముందుకొచ్చి తల దించుకుని, ‘పిన్నీ, నువ్వే చెయ్యాల, అమ్మ మాట. కాకపోతే ఆ అమ్మాయి పక్కన ఉంటది. ఏమనుకోబాక, నీకూ పెద్దతనం వచ్చింది గదా’ అన్నాడు. పెద్దతనమంట, మంచి పేరే పెట్టాడు. వాడి మనసులో ఏముందో నాకు తెలుసు, ఊరందరి మనసులో ఉన్నదే. పోయిన రంజాన్ అయిన కొత్తల్లో ఒకావిడకి గుసుల్ చేయించి, కఫన్ తొడిగి, జనాజా లేచి ఖబరస్తాన్ దారి పట్టాక చూస్తే బకెట్టు పక్కన మడత విప్పని తెల్లగుడ్డ ఉంది. ఓఢ్నీ. ఆడమనిషి కఫన్‌లో అయిదు గుడ్డలుంటాయి, అందులో తల కప్పేది అది. జన్మంతా కొంగు తీయకుండా బతికిన మనిషిని నేను తల కప్పకుండా అల్లా దగ్గరికి పంపాను. ఆవిడ కొడుకు దాన్ని పట్టుకుని బండి మీద పరిగెత్తాడు, లోపలికి దించే ముందు అందింది. అందింది సరే, ఆ సంగతి కూడా బండెక్కి ఊరంతా తిరిగింది. ఆ తర్వాత నన్ను ఎవరూ పిలవలేదు. పిలవకపోతే బాధనిపించాలి కదా, అదీ అనిపించలేదు. గోడకి ఆనుకుని కూచుంటే గోడకెంత బాధో నాకూ అంతే.

కాశింబీ మాత్రం కొడుకుని పోయిన శుక్రవారం మంచం దగ్గరికి పిలిచి చెప్పిందంట. ‘షంషాదే కడగాల నన్ను. ఇంకెవురూ చెయ్యెయ్యగూడదు. తప్పు చేస్తే చేసింది, నేనేమన్నా లేచి అడగబోతానా.’ చావబోతూ కూడా దాని నోరు అంతే. మిరపకాయల సీజన్‌లో యార్డులో తొడిమలు తీసేటప్పుడు వంద మంది ఆడవాళ్ళ గోలలో కూడా దాని గొంతు విడిగా వినిపించేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, అక్కా అని పిలవాలి, పిలిచేదాన్ని, కానీ అది నాతో ఎప్పుడూ పెద్దదానిలా ఉండింది లేదు. ఈ పని మాకు నేర్పిన ముసలమ్మ చచ్చిపోయిన రోజున కూడా, ఆవిడకి స్నానం చేయించి వస్తూ, దారిలో బజ్జీలు కొనిపెట్టమని నన్ను పీడించింది. శవాన్ని కడిగొచ్చి బజ్జీలేంటక్కా అంటే, ‘మనం బతికున్నామని కడుపుకి తెలియాలి గదే’ అంది. ఇప్పుడు దాని కడుపు మీద ఇత్తడి పళ్ళెం పెట్టారు, ఉబ్బకుండా. సుభానీ పెళ్ళాం పచ్చి బాలింత, లోపలి గదిలో బిడ్డ ఏడుస్తోంది. ఒక గదిలో ఒకరు వచ్చారు, ఇంకో గదిలోంచి ఒకరు పోతున్నారు, మధ్యలో నేను పుల్లలు ఎగదోస్తున్నాను.

వరస నాకు నేనే చెప్పుకుంటున్నాను. ముందు బల్లకి ధూపం. తర్వాత బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పి బట్టలు తియ్యడం. చేతికి గుడ్డ చుట్టుకుని లోపలి శుభ్రం. తర్వాత వజూ, నమాజుకి ముందు కడుక్కున్నట్టే, కాకపోతే నోట్లో ముక్కులో నీళ్ళు పొయ్యకూడదు, తడి దూదితో తుడవాలి. తర్వాత తల. తర్వాత. ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోతోంది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చెప్పుకున్నా తల కడిగాక అక్కడ గోడ కట్టినట్టు ఉంది. మళ్ళీ బల్ల దగ్గర మొదలుపెడుతున్నాను, మళ్ళీ తల దగ్గర ఆగుతున్నాను. ఎందరికి చేయించాను, చిన్నపిల్ల దగ్గర్నుంచి కాటికి కాళ్ళు చాపుకున్న ముసలమ్మల దాకా, ఎన్నడైనా తడుముకున్నానా. లేదు. కానీ ఒకటి ఇప్పుడు తడుతోంది. కాశింబీ దగ్గర ఒక సత్తు చెంబు ఉండేది, నీళ్ళు ముంచిన ప్రతిసారీ దాన్ని బకెట్టు అంచుకి టక్కున కొట్టేది. టక్ అనగానే నా చెయ్యి కదిలేది. చెంబు తల వైపు వస్తే తల, భుజం వైపు వస్తే భుజం. ఎందుకక్కా ఆ చప్పుడు అంటే, ‘నువ్వు నిద్రపోకుండా’ అనేది. నేను కడుగుతున్నాననుకున్నాను ఇన్నేళ్ళూ, అది నన్ను నడిపిస్తోందని అనుకోలేదు. అంటే మతి మొత్తం నా తలకాయలోనే లేదన్నమాట. సగం కాశింబీ చెంబులో ఉంది. మిగతా సగం ఇంట్లో మా ఆయన మొహిద్దీన్ దగ్గర ఉండేది, తాళంచెవి ఎక్కడ పెట్టానో, ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదో, మా పెద్దాడు పుట్టిన రోజు వానొచ్చిందో లేదో, అన్నీ ఆయన్నే అడిగేదాన్ని. ఆయన పోతూ అవి నాకు అప్పజెప్పిపోలేదు.

గులాం మొహిద్దీన్ ఆయిలింజన్ల మెకానిక్కు. దుర్గి, వెల్దుర్తి, ఎక్కడ బోరింజను ఆగిపోయినా ఆయనకే కబురొచ్చేది. ఆయన గోళ్ళల్లో గ్రీజు పెళ్ళిచూపులప్పుడే చూశాను. మేం దూదేకులవాళ్ళం, నమాజు అరబ్బీలో, తగాదాలు తెలుగులో. ఆ గోళ్ళ మీద మా ఇంట్లో ఎన్ని తగాదాలు జరిగాయో లెక్కలేదు. కిరసనాయిలు పెట్టి తోమినా పోయేది కాదు, అన్నం కలుపుతుంటే నాకు వెగటు పుట్టేది, రాను రాను అలవాటైంది, ఆఖరికి ఆ నల్లగీత లేకపోతే అది ఆయన చెయ్యే కాదనిపించేది. రెండేళ్ళ కిందట గుండెనొప్పితో ఒక మధ్యాహ్నం పోయాడు. మగవాళ్ళొచ్చారు మసీదు నుంచి, పెరట్లో దుప్పట్లు కట్టారు, నీళ్ళు కాచారు. మొగుడికి పెళ్ళాం గుసుల్ చెయ్యొచ్చని మాకు నేర్పిన ముసలమ్మ చెప్పేది, నాకు తెలుసు, కానీ ఆ రోజు ఎవరూ నన్ను అడగలేదు, నేనూ అడగలేదు. దుప్పటికి ఇవతల కూచున్నాను, కాశింబీ నా మణికట్టు పట్టుకుని కూచుంది. నీళ్ళ చప్పుడు వింటూ ఉన్నాను. ఇప్పుడు వజూ, ఇప్పుడు తల, ఇప్పుడు ఒరిగించారు. ఒక్క తప్పు దొరికినా లోపలికి పోయేదాన్ని. దొరకలేదు. బాగా చేశారు. ఒక్కటే తెలియలేదు, గోళ్ళు. గోళ్ళు తీసే పనికి చప్పుడుండదు కదా. పుల్లకి దూది చుట్టి మెల్లగా తియ్యాలి, పది వేళ్ళూ, ఎవరికంత ఓపిక. తీశారో, అలాగే పంపేశారో. మయ్యత్తుని ఆఖరిసారి చూడమని నన్ను పిలిచేసరికి చేతులు కఫన్ లోపల ఉన్నాయి.

అప్పటి నుంచి ఏడుపు రాలేదు. కాశింబీ సాయంత్రాలు వచ్చి ఎదురుగా కూచుని, ‘ఏడువే. ఏడ్చి చావవే. లోపల పెట్టుకోని ఏం చేసుకుంటావ్, పచ్చడి పెడతావా’ అనేది. రాలేదు. వేకువన ఎవరో పిలిచినట్టు మెలకువ వచ్చేది, కళ్ళు తెరిస్తే ఫ్యాను తిరుగుతుండేది, దాన్నే చూస్తూ తెల్లవార్చేదాన్ని. కూరలో ఉప్పెక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు. మనుషులు మాట్లాడితే పక్కింట్లో టీవీ మోగినట్టుండేది. పాలు పొంగిపోయేవి, నేను పొయ్యి పక్కనే నిలబడి ఉండేదాన్ని. గ్యాసు కట్టెయ్యడం మర్చిపోయాను ఒకసారి, రెండోసారి, తర్వాత నా కొడుకు ఐజాజ్ లైటరు దాచేశాడు. నా ముందు ‘పాడైందమ్మా’ అన్నాడు, తండ్రిలాగే ఇంజన్లు బాగుచేసేవాడికి లైటరు పాడైందంట. ఒకరోజు మనవరాలు బడి నుంచి వచ్చి నానమ్మా అని మీద పడితే దాని పేరు నోటికి రాలేదు. అమ్మా, తల్లీ అని పిలిచి సర్దేశాను. దాని పేరు నేనే పెట్టాను, మా అమ్మ పేరు. ఆ రాత్రి భయం వేసింది. రెండేళ్ళలో నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి ఆ భయం. రేపు ఇంకోటి పోతుంది, ఎల్లుండి ఇంకోటి, ఒకనాటికి మొహిద్దీన్ కూడా పోతాడు, గోళ్ళు పోతాయి, నేను ఎందుకు కూచున్నానో తెలియకుండా కూచుని ఉంటాను.

నా కోడలు ఆస్మా సర్దుకోనివ్వలేదు. డిగ్రీ చదివింది, ఉల్లిపాయలు తరగడం కూడా ఫోన్లో చూసి నేర్చుకునే రకం. నాకూ దానికీ వంటింట్లో ఏనాడూ పొసగలేదు. కానీ ఐజాజ్ ‘ముసలితనంలో అందరికీ ఉండేదే’ అని ఊరుకుంటే అదే మొగుడి మీద ఎగిరింది. ‘అందరికీ లేదు. అత్త నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందో చూశావా’ అంది. నిజమే, తిట్టడం కూడా మానేశాను. నరసరావుపేట తీసుకుపోయింది, బస్సులో, కిటికీ పక్కన కూచోబెట్టి. మనసు డాక్టరు. అర్చన అని, మనిషి సన్నగా ఉంది, గొంతు మెత్తన. ఏ సంవత్సరం అమ్మా అంది, తెలీదన్నాను. ఏ నెల, తెలీదు. మీది ఏ జిల్లా, తెలీదు. గుంటూరు జిల్లాలో పుట్టి, గుంటూరు జిల్లాలో కాపురం చేసి, కదలకుండా కూచున్నదాన్ని తీసుకెళ్ళి పల్నాడు జిల్లాలో వేశారు, నన్నడిగి వేశారా. ఇది లోపల అనుకున్నదే, పైకి అనే ఓపిక లేదు. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది, కాసేపాగి అడిగింది. తెలీదు. గడియారం బొమ్మ గియ్యమంది. ఆవిడ చేతికే గడియారం ఉంది.

ఆవిడ కసరలేదు. ఆస్మాని బయటికి పొమ్మనలేదు, ఇంగ్లీషులోకి దిగలేదు. నా మొహంలోకే చూస్తూ చెప్పింది. ‘అమ్మా, ఉత్త మరుపు జబ్బున్నవాళ్ళు చానామంది ఏదో ఒకటి చెప్పేస్తారు, తప్పో ఒప్పో. మీరు వెతక్కుండానే తెలీదంటున్నారు. ఏదన్నా గుర్తుండాలంటే ముందు మనసు అటు తిరగాలి గదా. మీ మనసు ఎటో ఒకే వైపు చూస్తా ఉంది, పక్కన ఏం పెట్టినా దానికి కనపట్టంలేదు.’ ఎటు చూస్తోందో నాకు తెలుసు. పది గోళ్ళ వైపు చూస్తోంది. చెప్పలేదు. మరి మరుపు జబ్బు కాదా మేడమ్ అని ఆస్మా అడిగితే, కాదని ఒట్టెయ్యలేనంది. దిగులూ మరుపూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయంట. దిగులుని వదిలేస్తే మరుపు ముదిరే భయం ఉందంట, దిగులు తగ్గితే ఎంత మరుపు దానితో వచ్చిందో అంత వెనక్కి పోవచ్చంట. ముందు దిగులుకి మందేద్దాం, తర్వాత ఏం మిగిలిందో చూద్దాం, అంది. ఏడుపుకి బిళ్ళలేంటని ఐజాజ్ నవ్వాడు. ఆస్మా మాత్రం రోజూ పొద్దున టీ గ్లాసుతోపాటు బిళ్ళ నా అరచేతిలో పెట్టి, మింగేదాకా కదలదు. రెండు నెలలు కావస్తోంది. నిద్ర కొంచెం పడుతోంది. మొన్న పప్పులో ఉప్పు లేదని అన్నాను. ఉప్పు లేదంటే ఏ కోడలికైనా కోపం రావాలి, అది నవ్వుతూ వంటింట్లోకి పోయి ఐజాజ్‌కి ఫోను చేసి చెప్పింది, పిచ్చిది.

ఆకు రంగు తిరిగింది. దించండి అన్నాను. సుభానీ, ఇంకొకతను గుండిగ మోసుకెళ్ళి దుప్పట్లు కట్టిన పెరట్లో నాపరాళ్ళ మీద పెట్టి బయటికి పోయారు. ఆడవాళ్ళం నలుగురం కలిసి కాశింబీని బల్ల మీదకి చేర్చాం. ఎంత తేలికైపోయిందో. గురజాల అమ్మాయి తొడుగులు వేసుకుని కాళ్ళ వైపు నిలబడింది. నీళ్ళెవరు పోస్తారని ఎవరో అడిగారు. ఆస్మా అన్నాను. ఆస్మా మొహం పాలిపోయింది, దానికి చావంటే భయం, బొద్దింకని చూసినా మంచమెక్కుతుంది. ‘అత్తా, నేనా’ అంది. నువ్వే అన్నాను. ఎందుకన్నానో నాకూ తెలియదు, రోజూ నా చేతిలో బిళ్ళ పెట్టే చెయ్యి అదొక్కటే కాబట్టేమో. ఓఢ్నీ గుడ్డ తీసి దాని భుజం మీద వేసి, ఇది నీ దగ్గర పెట్టుకో, నేనడక్కపోయినా ఇవ్వు, అని చెవిలో చెప్పాను. తలూపింది. కాశింబీ సత్తు చెంబు కోసం చూశాను, కనపడలేదు, చావింట్లో ఏ వస్తువు ఎక్కడుంటుంది. ఎవరో నీలం రంగు ప్లాస్టిక్ మగ్గు తెచ్చి ఆస్మాకి ఇచ్చారు.

బిస్మిల్లా అని మొదలుపెట్టాను. బట్టలు తియ్యడం, లోపలి శుభ్రం, వజూ. చేతులు పోతున్నాయి, బాగానే పోతున్నాయి. కాశింబీ మొహం తడి దూదితో తుడుస్తుంటే ఏమే అని అంటుందేమో అనిపించింది. తల కడిగాను. జుట్టు ఎంత పల్చబడిందో, ఒకప్పుడు నా పిడికిట్లో పట్టేది కాదు. ఆస్మా మగ్గుతో పోస్తోంది, నీళ్ళు సన్నగానే పడుతున్నాయి. తల అయింది. నేను ఎదురు చూశాను. టక్ అనే చప్పుడు కోసం ఎదురు చూశాను. ప్లాస్టిక్ మగ్గుకి చప్పుడేముంటుంది. నా చెయ్యి కాశింబీ నుదుటి మీద ఉండిపోయింది. తర్వాతేమిటి. తెలీదు. లోపల వెతికితే ఫ్యాను తిరుగుతోంది, పాలు పొంగుతున్నాయి, కొట్టువాడు ఏం కావాల పిన్నీ అంటున్నాడు. తెలీదు.  గురజాల అమ్మాయి నా వైపు చూసి, ఒక అడుగు ముందుకేసింది. అక్కా, నాకు చేత కాలేదు, నిన్నిట్లా సగం తడిపి వదిలేస్తున్నాను.

అప్పుడు ఆస్మా మగ్గు కింద పెట్టింది. పొద్దున బయల్దేరే ముందు ఫోన్లో చూసి వచ్చిందని తర్వాత తెలిసింది, కుడి పక్క ముందు కడగాలని అందులో చెప్పారంట. కాశింబీ భుజం పట్టుకుని కుడి వైపుకి ఒరిగించబోయింది. ‘అటు కాదే!’ నా నోట్లోంచే వచ్చింది ఆ కేక. ‘కుడి పక్కకి పొర్లిస్తే కుడి పక్క కిందికి పోదా? బల్లని కడుగుతావా, మనిషిని కడుగుతావా?’ ఆస్మా చేతులు వెనక్కి తీసుకుంది. దాని కళ్ళల్లో నీళ్ళు. ‘మరెటు అత్తా?’ అంది. నన్ను పరీక్షించడానికి కాదు. డాక్టరమ్మకి సంవత్సరం తెలుసు, జిల్లా తెలుసు, ఆ మూడు మాటలూ తెలుసు, పాపం ఆవిడ పని అది, తెలిసే అడిగింది. దీనికి నిజంగా తెలీదు. నేను చెప్పకపోతే ఇది నిలబడిపోతుంది, కాశింబీ తడి జుట్టుతో పడుండిపోతుంది. ‘ఎడమకి ఒరిగించు’ అన్నాను. ‘నడుము దగ్గర చెయ్యెయ్యి, మెడ కింద ఇంకో చెయ్యి. అట్టా. ఇప్పుడు కుడి పక్క పైకొచ్చిందా? భుజం నుంచి కాలి దాకా పొయ్యి, ఆపకుండా. తర్వాత కుడికి తిప్పి ఎడమ పక్క. ఆ తర్వాత లేపి కూచోబెట్టి కడుపు మెల్లగా ఒత్తాల. కర్పూరం నీళ్ళు ఆఖర్న. అమ్మాయ్, నువ్వు కాళ్ళు పట్టు.’ గురజాల అమ్మాయి సరేనత్తా అని కాళ్ళు పట్టింది. గోడ లేదు. ఎటు పోయిందో పోయింది. మాట ముందు నడుస్తోంది, చెయ్యి వెనక పోతోంది.

కర్పూరం నీళ్ళకి ముందు ఆగి, పుల్లకి దూది చుట్టాను. కాశింబీ గోళ్ళల్లో మిరపకాయ రంగు ఇంకా ఉంది, పని మానేసి ఏడాదైనా పోలేదు. ఒక్కో వేలూ పట్టుకుని తీశాను. ఎవరూ తొందరపెట్టలేదు. పుల్ల చప్పుడు లేకుండా కదులుతోంది, దుప్పటికి అవతల ఎవరున్నా వాళ్ళకి వినపడదు, నేను తీస్తున్నానని తెలియదు, అయినా తీస్తున్నాను. అప్పుడు తట్టింది. ఆ రోజు దుప్పటికి లోపల ఉన్నవాళ్ళూ ఇలాంటి చేతులవాళ్ళే కదా. ఒక చెయ్యి పట్టుకుని, నల్లగీత చూసి, మొహిద్దీన్ మామా ఎన్ని ఇంజన్లు తిప్పావయ్యా అని ఒకడైనా అనుకుని ఉంటాడు. తీసే ఉంటాడు. మనిషి చెయ్యి పట్టుకుని గోళ్ళు చూడకుండా ఎవరుంటారు. పది వేళ్ళూ అయ్యేసరికి ఏడుపొచ్చింది. రెండేళ్ళ ఏడుపు. మయ్యత్తు మీద కన్నీళ్ళు పడకూడదని మా ముసలమ్మ చెప్పేది, మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చాను. ఆస్మా తడి చేత్తోనే తన కొంగుతో నా మొహం తుడిచింది, ఒకసారి తుడిస్తే చాలలేదు. సుఖంగా ఉంది ఏడుస్తుంటే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, కడుపు నిండా తిన్నట్టుంది. కాశింబీ, ఇదిగో, ఏడుస్తున్నాను చూడవే. పచ్చడి పెట్టలేదు.

ఒళ్ళు తుడిచాం, కఫన్ పరిచిన మంచం మీదకి మార్చాం, కమీజు తొడిగాం, జుట్టు రెండు పాయలు చేసి గుండె మీద వేశాను. అత్తరు, కర్పూరం. తర్వాత చెయ్యి చాపాను. ‘ఓఢ్నీ ఏదే?’ ఆస్మా ఉలిక్కిపడింది, మంచం చుట్టూ వెతికింది, బకెట్టు వెనక వెతికింది. ‘నీ భుజం మీద ఉందే తల్లీ. నీకూ మతిమరుపేనా’ అన్నాను. గురజాల అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చావింట్లో నవ్వకూడదు, కాశింబీ ఉంటే ముందు అదే నవ్వేది. ఓఢ్నీ నా చేతులతో చుట్టాను, నుదుటి దగ్గర నున్నగా సర్దాను. ఇక ఫర్వాలేదక్కా, పోయిరా. సుభానీ లోపలికొచ్చి తల్లి మొహం చూసి నా పాదాలు పట్టుకోబోయాడు, లే లే, మోసేవాళ్ళని పిలువు, జొహర్ నమాజు వేళవుతోంది అన్నాను.

జనాజా సందు మలుపు తిరిగాక మేమిద్దరం ఇంటి దారి పట్టాం. కడిగినవాళ్ళం, పోయి స్నానం చెయ్యాలి. ఎండ మాడుస్తోంది, నాపరాళ్ళ లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. గొడుగు అన్నాను. ఏందత్తా అంది ఆస్మా. గొడుగు, జామకాయ. డాక్టరమ్మ చెప్పిన మాటలు. మూడోది ఏందే? ఆస్మా నడుస్తూ ఆలోచించింది, నుదురు రుద్దుకుంది, ‘నాకూ గుర్తులేదత్తా’ అంది. నవ్వొచ్చింది నాకు. పోనీలే, అదొచ్చినా రాకపోయినా, రేపు ఇంకేం పోయినా, ఇవాళ ఇది ఉంది. బజ్జీల బండి దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఆస్మా అర్థం కాక నా మొహం చూసింది, డబ్బులిచ్చింది, పొట్లం పట్టుకుంది. నడుస్తూ ఏదో లోపల నెమరు వేసుకుంటోంది, పెదాలు కదులుతున్నాయి. వజూ, తల, ఎడమకి ఒరిగించి కుడి పక్క. మా ఇంటి మెట్టు దగ్గర ఆగి, ‘అత్తా, చానా ఉంది. మర్చిపోతానేమో’ అంది.

‘నన్నడుగు’ అన్నాను.